నోరు దాటని పేరు

“పెడతావా, పెట్టవా? ఒక్క మాటలో చెప్పు,” అని మూడోసారి అడిగాడు మెదెర్బెక్.

రైఖాన్ ఆ ఒక్క మాట కూడా చెప్పలేదు. బావగారి కప్పు అందుకుని, పాలు పోసి, టీ పోసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది. కప్పు సగానికే ఉంది. పెద్దవాళ్లకు సగమే పోయాలి, అది తాగాక మళ్లీ సగం పోయాలి. కోడలు పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో రైఖాన్ చోటు అదే.

కాగితం మాత్రం రొట్టెల పక్కన, మీగడ గిన్నె కింద అణిగి ఉంది. నిన్న సాయంత్రం మెదెర్బెక్ దాన్ని తెచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు.

“పదింటికల్లా ఇది తీసుకెళ్లి విచారణవాళ్ల చేతిలో పెట్టాలి. నువ్వు రానక్కర్లేదు. ఒంట్లో బాలేదని నేను చెప్తాలే.”

“నా ఒళ్లు శుభ్రంగా ఉంది బావగారూ.”

“ఉంటే మంచిదే. సంతకం పెట్టు.”

“ఇందులో నేను పేరు స్పష్టంగా చెప్పానని రాశారు.”

“రాశాను. అయితే?”

“నేను చెప్పానా? ఈ పదకొండేళ్లలో నా నోట ఆ పేరు మీరెప్పుడైనా విన్నారా?”

పొయ్యి దగ్గర పిండివంట వేయిస్తున్న అత్తగారు కాలిచా గరిటె ఆపి ఇటు చూసింది. లోపలి గదిలో మామగారు దగ్గారు.

ఆ మామగారి పేరు జోల్చు. వాళ్ల కిర్గిజ్ భాషలో జోల్ అంటే దారి. కోడలన్నది మామగారి పేరు నోట అనకూడదు, ఆ పేరులో దూరి ఉన్న మాట కూడా అనకూడదు. ఆయన పేరులో ఏ ఇనుమో ఉక్కో ఉంటే ఎలాగో సర్దుకునేది. ఖర్మ కాలి దారి ఉంది. దారి అనకుండా మనిషి ఒక్క పూట బతకగలదా? రైఖాన్ పదకొండేళ్లు బతికింది. దారిని ‘నడిచేచోటు’ అనేది. “అన్నా, ఆ నడిచేచోటు పక్కన ఆపు,” అంటే బస్సంతా నవ్వేది. భర్త ఎర్కిన్ ఇంటికి బయల్దేరాడా అని ఎవరైనా ఫోన్ చేస్తే, “ఆఁ, నడిచేచోటులో ఉన్నాడు,” అనేది. కొత్తలో సిగ్గేసేది, తర్వాత అలవాటైపోయింది.

అలా పేరు పలకని అలవాటే ఇప్పుడు ఒక మనిషి కొంప ముంచబోతోంది.

పన్నెండు రోజుల కిందట జోల్చు ముసలాయన తేనెపెట్టెలు తెరిచాడు. ఒకే ఒక్క తేనెటీగ మెడ మీద కుట్టింది. నలభై ఏళ్లుగా కుట్టించుకుంటున్నవాడే, చొక్కా దులుపుకుని నవ్వేవాడే. ఈసారి గొంతు లోపల వాచింది. పావుగంటకు మాట పడిపోయింది, ఊపిరి ఈల వేసినట్టు రావడం మొదలైంది. ఎర్కిన్ గొర్రెలతో కొండమీది మేతల్లో ఉన్నాడు, అక్కడ ఫోన్ పనిచేయదు. రైఖాన్ మామగారిని కారు వెనక సీట్లో పడుకోబెట్టింది. వెనక అద్దం బదులు పాలిథిన్ కాగితం అంటించిన డొక్కు కారు అది. లైసెన్సు గోడకి తగిలించిన సంచిలోనే ఉండిపోయింది. కాలు తీయకుండా తొక్కుకుంటూ జిల్లా ఆసుపత్రికి బయల్దేరింది.

కూడలి దగ్గర పోలీసులు అన్ని బళ్లూ ఆపేశారు. రాజధాని నుంచి ఎవరో గొప్పవాడు వస్తున్నాడట, చీమ కూడా కదలకూడదట. సార్జెంటు తాలాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. పాతికేళ్లవాడు, ఎండకి మొహం మాడిపోయి ఉంది.

“లైసెన్సు?”

“ఇంట్లో ఉంది. వదులు తమ్ముడూ, లోపల మా పెద్దాయన! ఊపిరాడటం లేదు!”

“ఆయన పేరేంటి? పైవాళ్లకి చెప్పాలి, పేరు చెప్పక్కా.”

రైఖాన్ నోరు తెరిచింది. పేరు రాలేదు. వెనక ఆయన ఈలలు వేస్తున్నాడు, ముందు ఇతను అడుగుతున్నాడు, నాలుక మాత్రం అంగిట్లో అతుక్కుపోయింది.

“పెద్దాయన!” అని అరిచింది.

“ఏ పెద్దాయన?”

“మా పెద్దాయన! పెద్దాయనయ్యా బాబూ!”

తాలాయ్ ఆమె తలగుడ్డ వైపు చూశాడు. పాలిథిన్ కాగితం వైపు చూశాడు. వెనక సీట్లో నల్లబడుతున్న పెదాల వైపు చూశాడు. తర్వాత భుజం మీది రేడియో నొక్కి, తాపీగా, “పెద్దాయన బండి వస్తోంది. దారి వదలండి,” అన్నాడు. సైరన్ మోగించుకుంటూ తన జీపులో ముందు నడిచాడు.

ఆ రోజు ఆ రేడియోలో పెద్దాయన అంటే ఒక్కడే, ఆ రాజధాని మనిషి. పేరు పలకొద్దని వాళ్లకి పైనుంచి ఉత్తర్వు. ఇంకేముంది, ముందున్న మూడు చోట్లా పోలీసులు బళ్లన్నీ పక్కకు నెట్టి, ఆ డొక్కు కారుకి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు. అరగంట తర్వాత అసలు పెద్దాయన నల్ల కార్లు వస్తే, వంతెన దగ్గర ఒక అమాయకుడు చెయ్యి అడ్డం పెట్టి, “పెద్దాయన ఎప్పుడో వెళ్లిపోయాడు, మీరెవరు?” అని అడిగాడట.

జిల్లా జిల్లా అంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. “ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే నా దగ్గరికి తేవాల్సిన పని ఉండేది కాదు,” అన్నాడు. ఆ పది నిమిషాలూ ఇచ్చినవాడి టోపీ, బెల్టు, జీపు తాళం మర్నాడే తీసేసుకున్నారు. ఇవాళ విచారణ. రేడియోలో కావాలని అబద్ధం చెప్పాడని తేలితే ఉద్యోగం ఊడినట్టే, ఇక జన్మలో ఆ బట్టలు వేసుకోలేడు.

“చూడమ్మా,” అని గొంతు మార్చాడు మెదెర్బెక్. జిల్లా అధికారి కార్యాలయంలో పని చేస్తాడు, నచ్చచెప్పడం ఆయనకి రోజువారీ పని. “నువ్వు పేరు చెప్పావు, వాడు వినిపించుకోలేదు. అంతే. నీకు పోయేదేముంది? ఆ ఆఫీసులో రోజూ మొహం చూపించాల్సినవాణ్ని నేను. ‘ఆ కారు మీ ఇంటిదేనటగా’ అని గుమ్మంలోనే అడుగుతున్నారు.”

“అవునని చెప్పండి. మా నాన్న బతికాడని చెప్పండి.”

“ఎదురు చెప్పకే!” అంది కాలిచా పొయ్యి దగ్గర్నుంచి. “వాడేదో మన మంచికే తిరుగుతున్నాడు. నువ్వక్కడికెళితే ఏమడుగుతారో తెలుసా? నలుగురు మగాళ్ల మధ్య కూర్చోబెట్టి మైకు పెట్టి, మీ మామ పేరు చెప్పమంటారు. చెప్తావా? చెప్పి మళ్లీ ఈ గుమ్మం ఎలా తొక్కుతావు?”

“ఈ కాగితంలో చెప్పానని రాస్తే తప్పు లేదు గానీ, నోటితో చెప్తే గుమ్మం తొక్కకూడదా అత్తయ్యా?”

కాలిచాకి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. గరిటె పెనం మీద కొట్టింది. “నోరు లేచింది నీకు! మొగుడు ఇంట్లో లేడని నోరు లేచింది!”

“లేవనివ్వండి. ఇన్నాళ్లూ పడుకునే ఉంది కదా.”

మెదెర్బెక్ కప్పు ఖాళీ చేసి, అలవాటుగా ముందుకి జరిపాడు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. రైఖాన్ కప్పు అందుకుంది. పాలు పోసింది, టీ పోసింది. సగానికి ఆగలేదు. అంచుదాకా పోసింది. ఇంకొక్క చుక్క పడితే ఒలికిపోయేలా పోసి, రెండు చేతులతో మర్యాదగా ఆయన ముందుంచింది.

అంచుదాకా పోసిన కప్పు అంటే ఇక దయచేయమని. ఆ ఇంట్లో అలాంటి కప్పు ఎవరికీ పోసి ఎరగరు, అప్పులవాళ్లకి కూడా. మెదెర్బెక్ మెడ దగ్గర్నుంచి చెవులదాకా ఎర్రబడ్డాడు.

“నన్నా?” అన్నాడు. “మా నాన్న ఇంట్లో, నన్నా?”

రైఖాన్ లేచింది. కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో పడేసింది. గోడకున్న సంచిలోంచి లైసెన్సు తీసి జేబులో పెట్టుకుంది, ఈసారి మర్చిపోలేదు. తలగుడ్డ గట్టిగా ముడేసుకుని గుమ్మం వైపు నడిచింది. ఆయన ఒక్క అంగలో వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఎక్కడికి?”

“విచారణకి.”

“నా శవం మీదుగా వెళ్లు.”

“శవాల దాకా ఎందుకు? మీ నాన్ననే శవం కాకుండా తెచ్చుకున్నాను. బావగారూ, దారి ఇవ్వండి.”

మాట వచ్చేసింది. ఆమె వెతుక్కోలేదు, ధైర్యం కూడదీసుకోలేదు. పదకొండేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట, తలుపు తీస్తే దూడ బయటికొచ్చినట్టు వచ్చేసింది. కాలిచా చేతిలో గరిటె కింద పడింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

“ఎవరే నన్ను పిలిచింది?”

ముసలాయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. తప్పయిందని ఒక్క మాట అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ సంగతి రైఖాన్‌కి తెలుసు. అనలేదు.

“నేనే మామయ్యా.”

లోపలి నుంచి దగ్గు వచ్చింది, దగ్గులోంచి మాట వచ్చింది.

“పదకొండేళ్లకి పిలిచావు. పనుండే పిలిచి ఉంటావు. ఒరే మెదెర్, అడ్డం తప్పుకోరా.”

మెదెర్బెక్ తప్పుకున్నాడు. తప్పుకోక ఏం చేస్తాడు?

రైఖాన్ కారు తాళం తిప్పేసరికి వెనక తలుపు తెరుచుకుంది. కాలిచా పెట్టెలోంచి తీసిన పెద్ద తెల్లశాలువా కప్పుకుని, మొహం ముడుచుకుని, ముసలాయన పడుకున్న ఆ సీట్లోనే దిగబడి కూర్చుంది.

“నీ పక్కన నిలబడటానికి వస్తున్నానని సంబరపడకు,” అంది. “నీ నోటికి కాపలా వస్తున్నాను.”

కారు ఊరు దాటింది. పాలిథిన్ కాగితం టపటప కొట్టుకుంటోంది. రెండు వైపులా గడ్డి కోసి కుప్పలు వేశారు, గుర్రాలు వాటి చుట్టూ తిరుగుతున్నాయి.

“ఇంట్లో అన్నావు,” అంది కాలిచా చివరికి. “సరే, కోపంలో అన్నావనుకుంటా. అక్కడ మాత్రం అనకు.”

“అడిగితే?”

“అడిగితే నోరు మూసుకో. మూసుకోవడం కొత్తా నీకు?”

“మూసుకుంటే ఆ అబ్బాయి పోతాడు అత్తయ్యా.”

“పోతే నీకేంటి? చుట్టమా, పక్కమా?”

“నాకేంటా?” రైఖాన్ అద్దంలోంచి అత్తగారి కళ్లలోకి చూసింది. “మీరిప్పుడు కూర్చున్న చోటే మామయ్య గుటకలు మింగాడు. నేను పేరు చెప్పలేక నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ అబ్బాయి ఆ కాస్సేపూ నియమం పట్టుకుని వేలాడి ఉంటే, ఇవాళ మీకీ తెల్లశాలువా ఉండేది కాదు, నల్లది ఉండేది. నన్ను చంపేసినా అది మర్చిపోను.”

కాలిచా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రెండు మైళ్లు పోయాక, ఎవరితోనో అన్నట్టు మెల్లగా మొదలుపెట్టింది.

“నాకు పెళ్లయిన ఏడాది. ఆయన గుర్రం నది మధ్యలో బెదిరి పడేసింది. నీళ్లలో నలుగురు మగాళ్లున్నారు. ఒడ్డున నిలబడి, ‘ఏమయ్యో, ఏమయ్యో’ అని అరిచాను. నలుగురూ నా వైపే తిరిగారు. కొట్టుకుపోయే కొయ్యదుంగ ఆయన వెనకే వస్తోంది. పేరు పెట్టి అరిస్తే ఆయనొక్కడే తప్పుకునేవాడు.”

“అరవలేదా?”

“అరవలేదు. ఆ ఎడమ భుజం ఇప్పటికీ పైకి లేవదు, చూడలేదూ? గుర్రం తన్నిందని ఊళ్లో చెప్పుకున్నాం.” శాలువా లాక్కుని కప్పుకుంది. “నేరుగా చూసుకుని నడుపు. నన్నెందుకు చూస్తావు?”

విచారణ గది ముందు వసారాలో తాలాయ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు గానీ బెల్టు లేక వేలాడుతోంది. రైఖాన్‌ని చూడగానే గబుక్కున లేచాడు.

“మీరెందుకొచ్చారక్కా? రారని చెప్పారే! పెద్దాయన ఎలా ఉన్నారు?”

“ఉన్నాడు. దగ్గుతున్నాడు, అందర్నీ తిడుతున్నాడు.”

“తిడుతున్నాడా? అయితే పూర్తిగా కోలుకున్నట్టే,” అని నవ్వాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వే మనిషి. కాలిచాకి వంగి దండం పెట్టాడు. ఆమె తల కొంచెం, చాలా కొంచెం ఊపింది.

రైఖాన్ గొంతు తగ్గించింది. “తమ్ముడూ, ఒక్క సంగతి అడుగుతా. ఆ రోజు నీకు నిజంగా తెలియలేదా? నేనేదో ఆ రాజధాని మనిషిని తెస్తున్నాననుకున్నావా, ఈ కారులో?”

తాలాయ్ నోరు తెరిచేలోపే తలుపు తెరుచుకుంది.

పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఉన్నవాడు కల్నల్, నున్నగా గీసుకున్న గడ్డం, అలసిపోయిన కళ్లు. చివర్లో టైపు చేసే అమ్మాయి, తలకి కొత్త కోడళ్లు కట్టుకునే తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. ఆ గది చెమటా, సిరా కలిసిన వాసన వేస్తోంది.

“రోగి పేరు?” అన్నాడు కల్నల్ తలెత్తకుండా.

“మా మామగారండీ.”

“సంబంధం అడగలేదు, పేరు అడిగాను.”

“ఆసుపత్రి కాగితాల్లో ఉందండీ. మీ ముందే ఉన్నాయి.”

“కాగితాలు కాదు, సాక్షి నోట రావాలి.” ఈసారి తలెత్తాడు. “ఏం, రాదా?”

“మా ఇంట్లో కోడళ్లు పలకరండీ. ఆ రోజూ అందుకే పలకలేదు. పెద్దాయన అన్నాను. ఈ అబ్బాయి నేనన్న మాటే రేడియోలో అన్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు. తప్పుంటే నా నాలుకది, అతనిది కాదు.”

కల్నల్ పెన్ను బల్ల మీద పెట్టాడు. పక్కవాళ్లిద్దరి వైపు చూసి కొంచెం నవ్వాడు కూడా.

“చదువుకున్నట్టున్నావు, తెలివిగా మాట్లాడుతున్నావు. అయితే నేనూ తెలివిగానే అడుగుతాను. ఆ పేరు ఇప్పుడు, ఇక్కడ చెప్పు. చెప్పగలిగితే ఆ రోజూ చెప్పగలిగి ఉండేదానివే. అంటే చెప్పావు, ఇతను మార్చి చెప్పాడు. చెప్పలేవా? అయితే పేరు లేని రోగికి సాక్ష్యం లేదు, ఇంటికెళ్లి రొట్టెలు చేసుకో. ఏదో ఒకటి తేల్చు.”

రైఖాన్ కల్నల్ ముందున్న కాగితాల వైపు చూసింది. పొద్దున గుమ్మం దగ్గర అంత సులువుగా జారిన మాట ఇప్పుడు నాలుక చివరే ఉంది. మామగారి మీద భయం పోయింది, అత్తగారి మీద భయం పోయింది. అంటే మాత్రం తాలాయ్ మునుగుతాడు. అనకపోయినా మునుగుతాడు. ఇంత దూరం ఇందుకా వచ్చింది! ఏడుపొచ్చింది. ఏడవకూడదని పిడికిళ్లు బిగించింది.

“ఏం తల్లీ? టైపు చేసే అమ్మాయి ఎదురుచూస్తోంది.”

“అది చెప్పదు.”

గొంతు వెనక నుంచి వచ్చింది. గోడ వారన కుర్చీలో కూర్చున్న కాలిచా శాలువా సర్దుకుంటూ లేచింది.

“మీరెవరు? కూర్చోండి.”

“కూర్చుని కూర్చుని అరిగిపోయాను నాయనా. నేను దీని అత్తని. నన్నో మాట అడగనీ. ఆ రేడియోలో మీరు పెద్దాయన, పెద్దాయన అంటారటగా. ఎవరాయన?”

“అది ఈ విచారణకి సంబంధం లేదు.”

“లేకేం? మా పెద్దాయనా మీ పెద్దాయనా కలిసిపోయారనేగా ఈ గొడవంతా! మీ పెద్దాయన పేరేంటో చెప్పు, ఈ అమ్మాయి రాసుకుంటుంది.”

కల్నల్ గొంతు సవరించుకున్నాడు. “ఆ పేరు ఇక్కడ పలకాల్సిన అవసరం లేదు. ఉత్తర్వుంది.”

“ఓహో! పలకకూడదా?” కాలిచా బల్ల దగ్గరికి వచ్చేసింది. “పెద్దవాళ్ల పేరు మీరూ పలకరన్నమాట. ముగ్గురు మగాళ్లు, మీసాలున్నవాళ్లు, మీరెవరింటి కోడళ్లు నాయనా?”

టైపు చేసే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కల్నల్ పక్కనున్న లావుపాటి ఆయన దగ్గినట్టు నటించాడు. తాలాయ్ తల దించుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“అమ్మా, హద్దు మీరుతున్నారు!”

“మీరుతున్నాను. నలభై ఆరేళ్లు హద్దులో ఉన్నాను, నా మొగుడి భుజం విరిగింది. మొన్న ఇది హద్దులో ఉంది, ఆయన ప్రాణమే పోబోయింది. ఈ కుర్రాడు హద్దు దాటాడు కాబట్టి ఆయన ఇవాళ పొద్దున నన్ను టీ చల్లారిందని తిట్టాడు.” కాలిచా ఊపిరి పీల్చుకుంది. ఎముకలు తేలిన చేత్తో బల్ల అంచుని పట్టుకుంది. “నీకు సాక్షి నోట పేరు కావాలి, అంతేగా? రాసుకో. జోల్చు.”

రైఖాన్ వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూసింది. కాలిచా మొహం మొత్తం ఎర్రబడింది, పెళ్లిపందిట్లో పిల్ల మొహంలా. ఆ పేరు ఆమె నోట ఎంత మెత్తగా ఉందో! అన్నేళ్లుగా ఎవరూ లేనప్పుడు లోలోపల ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో మరి.

“జోల్చు,” అని మళ్లీ అంది కాలిచా, ఇంకా గట్టిగా. “జోల్చు, ఇసాక్ కొడుకు. మా పెద్దాయన పేరు నేను చెప్పాను. చెప్పడానికి నాకు నలభై ఆరేళ్లు పట్టింది. నా కోడలిని కూడలిలో నిలబెడితే ఒక్క నిమిషంలో రావాలా? ఇక నీ వంతు. నీ పెద్దాయన పేరు చెప్పు.”

కల్నల్ కాగితాలు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరగేశాడు. లావుపాటి ఆయన అతని చెవి దగ్గర ఏదో గొణిగాడు. ఇద్దరూ కాసేపు గుసగుసలాడారు. కల్నల్ మొహంలో అలసట తప్ప ఇంకేం మిగల్లేదు.

“సరే. కోడలి మాట ఆచారం ప్రకారం అన్నదే. సార్జెంటు ఆ మాటని అపార్థం చేసుకున్నాడు. పొరపాటేగానీ అబద్ధం కాదు. మందలింపుతో ముగిద్దాం.” తాలాయ్ వైపు తిరిగాడు. “నువ్వు విన్నది ఒకటి, అనుకున్నది ఒకటి, అంతేగా? అవునను, సంతకం పెట్టి వెళ్లు.”

రైఖాన్‌కి ప్రాణం లేచొచ్చింది. గెలిచాం! అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది, వెనక్కి లాక్కోలేదు.

తాలాయ్ లేచి నిలబడ్డాడు. వేలాడుతున్న చొక్కా సర్దుకున్నాడు.

“కాదండీ,” అన్నాడు.

“ఏం కాదు?”

“నేను అపార్థం చేసుకోలేదు. మా అమ్మ కూడా మా తాతని పెద్దాయనే అంటుంది. ఈ అక్క ఆ మాట అనగానే ఏ పెద్దాయనో నాకు తెలిసింది. రేడియోలో కావాలనే అన్నాను.”

రైఖాన్ వద్దని తల ఊపింది, కళ్లతో బతిమాలింది. ఒరే పిచ్చివాడా, దాటించాం కదరా! అతను ఆమె వైపు చూడలేదు. కాలిచా వైపు చూస్తున్నాడు.

“ఈ అమ్మ నలభై ఆరేళ్ల తర్వాత నా కోసం నోరు తెరిచింది. ఆవిడ ఎదురుగా నిలబడి నేను పొరబడ్డానని ఎలా సంతకం పెట్టను? ఆ ముసలాయన పెదాలు నల్లబడటం చూశాను. పేరు రాసి, నంబరు రాసి, మీ అనుమతి అడిగితే పావుగంట పట్టేది. ఆయన దగ్గర పావుగంట లేదు. ఏ బండి ఆపాలో, ఏ బండి వదలాలో చూడమనేగా సార్ నన్నక్కడ నిలబెట్టారు? చూశాను. వదిలాను. రేపు ఇంకెవరైనా అలా వస్తే మళ్లీ అదే మాట అంటాను.”

లావుపాటి ఆయన నోరు వెళ్లబెట్టాడు. కల్నల్ టైపు చేసే అమ్మాయి వైపు తిరిగాడు.

“ఇది రాయొద్దు.”

ఆ అమ్మాయి తలగుడ్డ ఒకసారి వెనక్కి సర్దుకుంది. కల్నల్ వైపు చూడలేదు.

టైపు చప్పుడు ఆగలేదు.